ఆంగ్లంలో రెండు నాలుకల మాటలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను డి.ఆర్. బకాయిల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ బకాయిల మీదే మాట్లాడారు. నేను కూడా అదే ఎత్తుకుంటే బకాయిలు రావు సరికదా, భోజనాలు ఆలస్యమవుతాయి. అందుకని అధ్యక్షుల వారి అనుమతితో వేరొక విషయం మనవి చేసుకుంటాను. ఇంగ్లీషులో కొన్ని మాటలున్నాయి. ఒకే మాట, ఒకే స్పెల్లింగు. ఒకచోట అవునంటుంది, ఇంకొకచోట కాదంటుంది. మనందరం ఆ మాటల మధ్యనే ఉద్యోగం చేశాం, వాటి మధ్యనే రిటైరయ్యాం.

నేను పండితుణ్ణి కాను. 1971లో ఎల్.డి.సి.గా చేరాను. ఆ ఉద్యోగానికే తరువాత జూనియర్ అసిస్టెంటు అని పేరు మార్చారు. పేరు మారింది గాని కుర్చీ మారలేదు. 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగాను. ఇంగ్లీషుతో నా పరిచయం షేక్‌స్పియర్ ద్వారా కలిగింది కాదు, ‘విత్ రిఫరెన్స్ టు ది సబ్జెక్ట్ సైటెడ్’ ద్వారా కలిగింది. కాబట్టి నా ఉదాహరణలన్నీ ఫైళ్ల వాసన వేస్తే మన్నించండి.

ముందు తేలికవి చూద్దాం. ‘డస్ట్’ అంటే దుమ్ము. బల్లను డస్ట్ చేయడమంటే దుమ్ము దులపడం. పత్తి చేనును డస్ట్ చేయడమంటే మందు పొడి చల్లడం. ఒకటి తీయడం, ఒకటి వేయడం. ‘ఫాస్ట్’ అంటే వేగం. అదే ‘ఫాస్ట్ కలర్’ అంటే కదలని రంగు, ఎన్ని ఉతుకులు ఉతికినా వదలనిది. ‘స్క్రీన్’ చేయడమంటే సినిమా చూపించడం. అడ్డంగా తెర కట్టి దాచడం కూడా స్క్రీన్ చేయడమే. ఇటువంటి మాటలకు జేనస్ పదాలని ఒక పేరుంది. జేనస్ రోమనుల దేవుడు, ద్వారాలకు అధిపతి, ముందుకొక ముఖం వెనుకకొక ముఖం ఉన్నవాడు. మన కార్యాలయాల్లో కూడా అటువంటి దేవుళ్లు కొందరుండేవారు, అది వేరే సంగతి.

ఇవి ఎందుకిలా తయారయ్యాయని నేను లైబ్రరీలో నిఘంటువులు తిరగేశాను. ఒక్క కారణం లేదు. కొన్నిచోట్ల అసలు అది ఒక మాట కాదు, రెండు మాటలు. ‘క్లీవ్’ ఉంది. మాంసం కొట్టే కత్తిని క్లీవర్ అంటారు గదా, ఆ క్లీవ్ అంటే చీల్చడం. కాని 1611 నాటి ఆంగ్ల బైబిలు అనువాదంలో భర్త భార్యను అంటిపెట్టుకొని ఉంటాడని చెప్పేచోట వాడింది కూడా క్లీవే. పాత ఇంగ్లీషులో చీల్చడానికొక మాట, అతుక్కోవడానికొక మాట వేరువేరుగా ఉండేవి. వందల ఏళ్లు నోళ్లలో నలిగి నలిగి రెండూ ఒకే రూపానికి వచ్చి కూర్చున్నాయి. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గల ఇద్దరు గుమాస్తాలు ఒకే సెక్షనులో ఉంటే ఒకరి ఇంక్రిమెంటు ఇంకొకరి సర్వీసు రిజిస్టరులో ఎక్కినట్లు!

‘లెట్’ కూడా అటువంటిదే. లెట్ అంటే అనుమతించడం అని చిన్నపిల్లలకు తెలుసు. మీలో చాలామంది పిల్లల దగ్గరకు అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లి వచ్చినవాళ్లున్నారు. ఇంటికి వెళ్లాక పాస్‌పోర్టు తెరిచి చూడండి. రాష్ట్రపతి పేరిట అన్ని దేశాల వారికీ ఒక విన్నపం ఉంటుంది, ఈ మనిషిని ‘వితవుట్ లెట్ ఆర్ హిండ్రన్స్’ పోనివ్వండి అని. అక్కడ లెట్ అంటే అడ్డంకి. అనుమతి అని చదువుకుంటే ‘అనుమతి లేకుండా పోనివ్వండి’ అని అర్థం వచ్చి కూర్చుంటుంది. ఆస్తి అమ్మకం దస్తావేజుల్లో కూడా ఈ మాట దొర్లుతుంది. టెన్నిసు ఆటలో సర్వీసు బంతి వలకు తగిలి అవతల పడితే లెట్ అంటారు. అడ్డం తగిలింది, మళ్లీ వేయమని. ఇవి కూడా పుట్టుకలో రెండు వేరు మాటలే. అడ్డుకునే లెట్ వాడుకలో చచ్చిపోయింది గాని పాస్‌పోర్టులోను, దస్తావేజులోను, టెన్నిసు కోర్టులోను దానికి ఇంకా పెన్షను వస్తోంది.

రెండో రకం వేరు. మాట ఒకటే, నడిచిన దారులు రెండు. ‘లెఫ్ట్’ చూడండి. లీవ్ అనే క్రియకు మొదటి అర్థం మిగల్చడం. ఊరిని వెనుక మిగిల్చి మనిషి పోతాడు కాబట్టి వెళ్లిపోవడం అనే అర్థం తరువాత వచ్చింది. అందువల్ల లెఫ్ట్ అంటే మిగిలిందీ అదే, వెళ్లిపోయిందీ అదే. దీనివల్ల నేను చూసిన తమాషా ఒకటి చెబుతాను. టెలిగ్రాములున్న రోజులవి. 2013 జూలైలో ఆ సేవనే నిలిపివేశారు, ఇప్పటి పిల్లలకు తెలియదు. మాటకింతని లెక్క కాబట్టి మాటలు కోసి కోసి పంపేవాళ్లం. ఒక సబార్డినేటు ఆఫీసులో ముగ్గురు గుమాస్తాలు ఒకేసారి బదిలీ మీద వెళ్లిపోయారు. అక్కడి అధికారి పై ఆఫీసుకు ‘త్రీ క్లర్క్స్ లెఫ్ట్’ అని తంతి కొట్టాడు. పై ఆఫీసువారు ముగ్గురు మిగిలే ఉన్నారని అర్థం చేసుకున్నారు. వారం తరువాత జవాబు: ఉన్నవారితో సర్దుకోండి, కొత్తవారిని ఇవ్వడం వీలుకాదు. నిజానికి అక్కడ ఉన్నది ఒక అటెండరు, ఒక టైపు మిషను. ఆ అటెండరు ఇన్‌వర్డు రిజిస్టరు కూడా చక్కగా రాసేవాడు, కాబట్టి నెలన్నర బండి నడిచింది.

ఇంగ్లీషువాళ్లనే ఎందుకనాలి, మన ఇంట్లో మాత్రం లేవా? మొన్న వేసవికి అమెరికా నుండి వచ్చిన మా మనవడు, పదేళ్లవాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. వాళ్ల నాయనమ్మ వంటింట్లోంచి ‘బియ్యం నిండుకున్నాయి, చెప్పరే’ అన్నది. వాడు నా దగ్గరకు వచ్చి, ‘తాతయ్యా, బియ్యం డబ్బా నిండిపోయిందట, ఇంక తేవద్దు’ అన్నాడు. వాడి లెక్క సరైనదే. నిండు అంటే నిండుగా ఉండడమే. కాని మన ఇళ్లలో అన్నపూర్ణకు ‘లేదు’ అన్న మాట తగలకూడదు కాబట్టి అయిపోయినప్పుడు నిండుకున్నాయంటాం. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం, ఘనమైందంటాం. సంస్కృతంలో ‘ఆరాత్’ అనే అవ్యయానికి దూరమనీ, దగ్గర అనీ రెండు అర్థాలూ అమరకోశంలో ఉన్నాయి. ఇక హిందీ, ఉర్దూల్లో ‘కల్’ అంటే నిన్న, రేపు రెండూను. హైదరాబాదులో ఏ ఆఫీసులోనైనా ‘కల్ ఆయియే’ అంటే అది ఏ కల్ అన్నది ఆ దేవుడికే తెలియాలి.

అయితే నాకొక తేడా కనిపిస్తుంది. మనది భయభక్తులతోను, మర్యాదతోను తిప్పిన మాట. ఇంట్లో అందరికీ దాని గుట్టు తెలుసు. నిండుకున్నాయని విని పస్తు పడుకున్న ఇల్లాలు లేదు. ఆఫీసు ఇంగ్లీషులో అలా కాదు. రాసినవాడు ఒకచోట, చదివినవాడు ఇంకొకచోట, అనుభవించేవాడు మూడోచోట. ఇది నా స్వంత అభిప్రాయం, ఎవరైనా పెద్దలు కాదంటే వింటాను.

‘శాంక్షన్’ దగ్గరకు వద్దాం. మన జీవితమంతా ఈ మాట చుట్టూనే తిరిగింది. లీవు శాంక్షన్, జి.పి.ఎఫ్. అడ్వాన్సు శాంక్షన్, చివరకు పెన్షను శాంక్షన్. ఆ మాట వినబడితే చాలు, ప్రాణం లేచి వచ్చేది. 1998 మేలో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిపాక పేపర్లలో ‘అమెరికా శాంక్షన్స్ ఆన్ ఇండియా’ అని పెద్ద అక్షరాలతో వచ్చింది. మా ఆఫీసు ఎదుట టీ కొట్టు దగ్గర మా సహోద్యోగి ఒకాయన, పాపం జీవితమంతా లోన్ల సెక్షనులోనే చేసినవాడు, ‘ఎంత శాంక్షన్ చేశారండీ, వడ్డీ ఎంత?’ అని అడిగాడు. నవ్వుకున్నాం. ఆయన తప్పేముంది? ముప్పై ఏళ్లుగా ఆ మాటకు ఆయన ఎరిగిన అర్థం అదే.

దీని మూలం లాటిన్. పవిత్రం చేయడం, కట్టుబాటుగా స్థిరపరచడం అని అర్థం. సెయింట్ అన్న మాట కూడా ఆ కుటుంబానిదే. రోమనుల చట్టాల్లో ఈ శాసనాన్ని మీరినవాడికి ఫలానా శిక్ష అని చెప్పే భాగముండేది, దానికీ ఆ పేరే. చట్టం ఆమోదించడమూ శాంక్షనే, చట్టం తప్పినవాణ్ణి దండించడమూ శాంక్షనే అయింది. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తినప్పుడు నానాజాతి సమితి ఇటలీ మీద విధించిన వ్యాపార ఆంక్షలను శాంక్షన్స్ అన్నారు. దేశాల మధ్య ఆ అర్థమే ఎక్కువగా వినబడుతుంది. తెలుగులో చూడండి, ఈ పేచీయే లేదు. ఒకటి మంజూరు, ఇంకొకటి ఆంక్ష. మంజూరు అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. నజర్ అంటే చూపు. దాని సోదరే మంజూర్, అంటే చూడబడినది. పెద్దవారి చూపు పడింది కాబట్టి ఒప్పుకున్నట్లే అన్నమాట. ఈ చూపు సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ పని పడుతుంది.

తమాషా ఏమిటంటే మన ఉద్యోగులకు సంబంధించిన చట్టాల్లో ఈ మాట శిక్ష పక్కనే కూర్చుని శిక్షకు అడ్డం పడుతుంది. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో చేసిన పని మీద, అతణ్ణి తొలగించడానికి ప్రభుత్వ ఆమోదం అవసరమైన స్థాయి వాడైతే, కోర్టు కేసు విచారణకు తీసుకోవాలంటే ముందుగా ప్రభుత్వ శాంక్షన్ కావాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో అది 197వ సెక్షను. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహితలో 218వది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టంలో 19వ సెక్షను కూడా ఇటువంటిదే. మన 1980 నాటి సవరించిన పెన్షను నిబంధనల్లో 9వ నిబంధన కూడా, రిటైరైన తరువాత కొత్తగా విచారణ మొదలుపెట్టాలంటే ప్రభుత్వ శాంక్షన్ ఉండాలంటుంది. పెన్షనరు వీపు మీద దెబ్బ పడే ముందు అడగవలసిన అనుమతి అది. ‘మీ మీద శాంక్షన్ వచ్చింది’ అని ఎవరైనా చెబితే కంగారుపడకుండా, ఏ శాంక్షన్, ఎవరిచ్చింది, కాగితం ఏదీ అని అడగండి.

‘టేబుల్’ గురించి ఒక్క మాట. పార్లమెంటులో కాగితాన్ని టేబుల్ చేశారంటే సభ ముందుంచారని. మనం బ్రిటిషువారి పద్ధతి పట్టుకున్నాం. అమెరికా వారి సభల్లో టేబుల్ చేయడమంటే పక్కన పెట్టి మరిచిపోవడం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఒక ముఖ్యమైన కాగితాన్ని వెంటనే టేబుల్ చేయాలని బ్రిటిషు అధికారులు, ఎంతమాత్రం టేబుల్ చేయరాదని అమెరికా అధికారులు చాలాసేపు ఘర్షణ పడ్డారట. చివరకు తేలిందేమిటంటే ఇద్దరూ కోరింది ఒకటే, దాన్ని చర్చించాలని. చర్చిల్ ఈ సంగతిని తన యుద్ధ చరిత్రలో రాశాడు. మన ఆఫీసుల్లో మాత్రం బల్ల మీదకు రావడానికి బల్ల కింద కూడా కొంత పని జరగవలసి వచ్చేదని గిట్టనివాళ్లు అంటారు.

‘ఔట్‌స్టాండింగ్’ కూడా చెప్పుకోవలసిందే. కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఆ మాట రాస్తే ప్రమోషను. ఆడిటు నోటులో అదే మాట రాస్తే నిద్ర పట్టదు. ‘బైమంత్లీ’కి నెలకు రెండుసార్లనీ, రెండు నెలలకొకసారనీ నిఘంటువులు రెండర్థాలూ ఇస్తాయి. అందుకే మన సంఘం నోటీసులో ‘రెండు నెలలకొకసారి’ అని తెలుగులోనే రాయించాను.

ఇప్పుడు నేను ఈ విషయం ఎందుకెత్తుకున్నానో ఆ మాటకు వస్తాను. ‘ఓవర్‌సైట్’.

ఓవర్ అంటే పైన, సైట్ అంటే చూపు. పైనుండి చూడడమంటే పర్యవేక్షణ. లాటిన్ నుండి వచ్చిన సూపర్‌విజన్ అన్న మాటను ముక్కకు ముక్క ఇంగ్లీషు చేస్తే ఓవర్‌సైటే వస్తుంది. అమెరికా ప్రతినిధుల సభలో ప్రభుత్వ పనిని తనిఖీ చేసే కమిటీకి ఓవర్‌సైట్ కమిటీ అనే పేరు. కాని చూపు పైపైనుండి పోతే కిందిది కనబడదు గదా. అందుకని ఏమరుపాటు, చూడక వదిలేయడం కూడా ఓవర్‌సైటే అయింది. దీని అన్నదమ్ములు కూడా ఇంతే. ‘ఓవర్‌సీ’ అంటే అజమాయిషీ చేయడం, ‘ఓవర్‌లుక్’ అంటే చూడకుండా వదిలేయడం. సీ, లుక్ రెండూ చూడడమే అయినా పైన ఓవర్ చేరేసరికి ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి పోయాయి. మన చూడడం మాత్రం తక్కువదా? ‘మా వాడి సంగతి కాస్త చూడండి’ అంటే సాయం చేయమని. ‘నీ సంగతి చూస్తాను’ అంటే అర్థం మీకు చెప్పనక్కరలేదు.

నాకొక మిత్రుడుండేవాడు. పేరు, శాఖ చెప్పను. ఆయన లేడు, ఆ ఆఫీసు వారితో ఇప్పుడు నాకు పేచీ లేదు. నాకంటే రెండేళ్లు ముందు సర్వీసులో చేరినవాడు. నిదానస్తుడు, చేతిరాత ముత్యాలే. రిటైర్మెంటుకు ఏడాది ముందు స్టోర్సు గుమాస్తా జబ్బు చేసి సెలవు పెడితే, ఏడు వారాలపాటు ఆ సీటు ఈయనకు అదనపు బాధ్యతగా అప్పగించారు. ఆ ఏడు వారాల్లోనే తనిఖీ వచ్చింది. స్టాకు రిజిస్టరు ప్రకారం ఉండవలసిన వాటిలో 22 టార్పాలిన్లు, కొంత ఇనుప సామాను లెక్కకు రాలేదు.

తనిఖీ అధికారి తన నివేదికలో రాసింది ఇది: ఫలానా గుమాస్తా ‘అండర్ ది ఓవర్‌సైట్ ఆఫ్’, అంటే ఆయన అజమాయిషీలో ఉన్న స్టోర్సులో తగ్గుదల కనబడింది. ఆ తరువాతి వాక్యంలోనే, ఈ తగ్గుదల పాత లెడ్జరు నుండి నిల్వలు ఎత్తిరాసేటప్పటికే ఉన్నట్లు కనబడుతోంది, పాత రికార్డులు పరిశీలించవలసి ఉంది అని కూడా రాశాడు. న్యాయమైన మనిషి. ఆ నివేదిక పై ఆఫీసుకు పోయింది. అక్కడ ఎవరో దాన్ని నాలుగు లైన్ల నోటుగా కుదించారు. కుదించేటప్పుడు ‘అండర్ ది ఓవర్‌సైట్ ఆఫ్’ కాస్తా ‘డ్యూ టు ది ఓవర్‌సైట్ ఆఫ్’ అయింది. ఒక్క మాట మారింది. అజమాయిషీలో ఉన్న స్టోర్సు పోయి, ఏమరుపాటు వల్ల కలిగిన నష్టం వచ్చింది. రెండో వాక్యం నోటులో ఎక్కనే లేదు. బాధ్యుడెవరో మొదటి వాక్యంలోనే తేలిపోయాక పాత లెడ్జర్లతో పనేముంది?

ఆయన రిటైరయ్యేనాటికి గ్రాట్యుటీ ఆపుతూ ఉత్తర్వు వచ్చింది. రెండో అమ్మాయి పెళ్లి మాఘమాసానికి కుదిరి ఉంది. గ్రాట్యుటీ వస్తుందన్న ధైర్యంతోనే మాటిచ్చాడు. పెళ్లి ఆగలేదు, ఆయన తమ్ముడు పొలం కాగితాలు పెట్టి అప్పు తెచ్చాడు. కాని పెళ్లిపీటల దగ్గర ఆయన ముఖం నేను చూశాను. డబ్బు పోయినందుకు కాదు. ముప్పై ఏళ్లకు పైగా చేసి, వెళ్లేటప్పుడు ప్రభుత్వ సామాను పోగొట్టినవాడని కాగితం మీద రాయించుకున్నందుకు.

ఆ ఉత్తర్వు పట్టుకొని ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు. ‘ఒరే, ఇందులో నేనేదో తప్పు చేశానని ఉంది, ఏం చేశానో మాత్రం లేదు’ అన్నాడు. అసలు నివేదిక కాపీ కావాలని దరఖాస్తు పెట్టించాను. సమాచార హక్కు చట్టం రాకముందు సంగతి, కాపీ చేతికి రావడానికే అయిదు నెలలు పట్టింది. వచ్చాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని ఒక రాత్రి కూర్చున్నాం. తేడా ఆ ఒక్క మాటలో ఉంది.

అప్పీలు డ్రాఫ్టు నేనే రాశాను. అందులో పాండిత్యమేమీ లేదు. ఇంగ్లీషులో ఏమరుపాటు అర్థం వచ్చినప్పుడు సాధారణంగా ‘యాన్ ఓవర్‌సైట్’ అనో, ‘త్రూ ఓవర్‌సైట్’, ‘డ్యూ టు ఓవర్‌సైట్’ అనో ఉంటుంది. పర్యవేక్షణ అయినప్పుడు ‘అండర్’ ఉంటుంది. ఒకరి అజమాయిషీ కింద ఉండడం కుదురుతుంది గాని, ఒకరి ఏమరుపాటు కింద ఏ స్టోర్సూ ఉండదు. ఇది నిఘంటువు పేజీతో సహా జతచేసి, నివేదికలోని రెండో వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాసి, పాత లెడ్జర్లు తెప్పించి చూడమని కోరాం. అంతే, రెండు పేజీలు.

లెడ్జర్లు తెప్పించి చూడడానికి రెండేళ్లు. చూశాక, నివేదికలో అన్నట్లే, ఈయన ఆ సీటులోకి రాకముందు ఎప్పుడో ఎత్తిరాతల్లోనే ఆ తగ్గుదల ఉన్నట్లు తేలింది. గ్రాట్యుటీ పైసాతో సహా విడుదల చేశారు. వడ్డీ ఇవ్వలేదు. ‘పరిస్థితులన్నీ పునఃపరిశీలించిన మీదట’ అని రాశారు గాని, మేము తప్పు చదివామని మాత్రం రాయలేదు. ఆయన ఆ ఉత్తర్వును లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకున్నాడు. డబ్బు తమ్ముడి అప్పుకు పోయింది, కాగితం మిగిలింది.

గ్రాట్యుటీ అన్నాను కాబట్టి ఆ మాట కూడా చూద్దాం. మూడేళ్ల క్రితం మా అబ్బాయి దగ్గరకు అమెరికా వెళ్లినప్పుడు, ఎనిమిదిమందిమి కలిసి ఒక హోటలుకు వెళ్లాం. బిల్లులో భోజనం ధర కింద ‘గ్రాట్యుటీ’ అని ఒక మొత్తం వేసి ఉంది. నేను ఉలిక్కిపడ్డాను. ఇదేమిట్రా, వడ్డించిన పిల్లవాడు అప్పుడే రిటైరవుతున్నాడా అన్నాను. మా అబ్బాయి నవ్వి, టిప్పు నాన్నా, ఎక్కువమంది వస్తే బిల్లులోనే వేసేస్తారు అన్నాడు. మనకు ముప్పై మూడేళ్లు గానుగెద్దులా తిరిగితే వచ్చేది అక్కడ ముప్పావుగంటలో వస్తుందన్నమాట!

నవ్వులాటకు చెప్పినా, అందులో కీలకముంది. గ్రాట్యుటీ అన్న మాటకు మూలం దయ, మెప్పు, ఇష్టపడి ఇచ్చేది. గ్రాటిస్ అంటే ఉచితం. ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చేది, బాధ్యత ఉండి కాదు. ఇవన్నీ ఒకే తల్లి పిల్లలు. హోటలులో గ్రాట్యుటీ ఈనాటికీ ఆ పాత అర్థంలోనే ఉంది. మన గ్రాట్యుటీ మాత్రం దానికి నేరుగా ఎదురు. అది చేసిన సర్వీసుకు నిబంధనల ప్రకారం రావలసినది. ప్రైవేటు ఉద్యోగులకైతే 1972లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. పెన్షను సంగతి మీకు తెలిసిందే. ఈరోజు మనమిక్కడ కూర్చున్నదే 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం ఇచ్చిన తీర్పు పుణ్యాన. పెన్షను యజమాని దయాదాక్షిణ్యాల మీద ఆధారపడే బహుమానం కాదని, హక్కని అందులో స్పష్టంగా చెప్పారు. అయినా పేరులో ఆ దయ మిగిలిపోయింది. సీట్లో కూర్చున్న కొత్త కుర్రవాడు ‘గ్రాట్యుటీ విత్‌హెల్డ్’ అని రాసేటప్పుడు, ఇవ్వవలసినది ఆపుతున్నానని కాక, ఇవ్వదలచినది ఆపుకున్నానని అనుకుంటాడేమోనని నా అనుమానం. నా మిత్రుడి ఫైలులో మూడేళ్లకు పైగా ఎవరికీ తొందర కలగకపోవడానికి అది కూడా ఒక కారణమని నేననుకుంటాను.

కొందరు మిత్రులు, అన్నీ తెలుగులో రాస్తే ఈ గొడవే ఉండదు గదా అంటారు. అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. అజమాయిషీ అని రాసిన చోట ఏమరుపాటు అని ఎవరూ చదవరు, అది నిజమే. కాని మనలో చాలామంది సర్వీసు రిజిస్టర్లు, పాత ఉత్తర్వులు, ఆడిటు అభ్యంతరాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. అవి మారవు. కుటుంబ పెన్షను కోసం రేపు మన ఇంటి ఆడవాళ్లు పట్టుకు తిరగవలసింది ఆ కాగితాలే.

కార్యదర్శి గారు గడియారం వైపు చూస్తున్నారు. ఒక్క విన్నపం చేసి విరమిస్తాను. నేను ప్రతి మంగళవారం ఉదయం పది నుండి పన్నెండు దాకా మన సంఘం గదిలో ఉంటున్నాను. ఎవరికైనా పెన్షనులో కోత, రికవరీ, ఆపుదల ఉన్న ఉత్తర్వు ఉంటే, ఎంత పాతదైనా సరే, తీసుకురండి. ఉత్తర్వు ఒక్కటే కాకుండా, అది ఏ నివేదికను ఉదహరించిందో దాని కాపీ కూడా తెండి. లేకపోతే సమాచార హక్కు కింద ఎలా అడగాలో అక్కడే రాసి ఇస్తాను. ఖర్చు ఒక పోస్టల్ ఆర్డరు. జిరాక్సు కాపీలే తీసుకురండి, అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచండి.